కొర్రలకుంట యాదిపెట్టె

బస్సు నన్ను గుర్తుపట్టలేదు.

మండలం బస్టాండులో పొద్దున పదింటికి నేను ఎప్పుడూ ఎక్కే బస్సే. తలుపు పక్కనున్న పలక మీద బొటనవేలు పెట్టాను. ఎర్రలైటు వెలిగింది. వేలు కొంగుకు తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ ఎర్రలైటే. "ఈ పేరుతో ఎవరూ లేరు" అంది బస్సు, ఎంతో మర్యాదగా.

వెనక నిలబడ్డ ముసలాయన, "జరుగమ్మా. లేనోళ్లకు సీటెందుకు?" అన్నాడు. లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

మందుల షాపుకు వెళ్తే అక్కడా లేను. మా అత్తకు ఆయాసం మందు కొనాలి. షాపతను ముఖం తెలిసినవాడే. కానీ మందుల అలమార తెరుచుకోవడానికి ముఖం చాలదు, పేరు కావాలి. "లైను పోయినట్టున్నదక్కా" అన్నాడు. పోలేదు. నా వెనక వచ్చిన ముగ్గురికీ అలమార చక్కగా తెరుచుకుంది.

తహసీలు ఆఫీసులో నాతో డిగ్రీ చదివినామె పనిచేస్తుంది. ఆమె తెర మీద వెతికి, ఆ తెరను ఎవరికీ కనబడకుండా తిప్పి, గొంతు తగ్గించింది.

"స్వరూపా, మీ ఊరిని నిన్న మూసేసిండ్రే. కొర్రలకుంట, జనాభా సున్నా."

నాకు అర్థమైంది. మా గుట్టల నడుమ జలాశయం కట్టాలని మూడేళ్లుగా తిరుగుతున్నారు. మనుషులున్న ఊరిని ముంచాలంటే ఆ మనుషుల సంతకాలు కావాలి. మేం పెట్టలేదు. ఊరిని ఖాళీ చేయించలేక, కాగితం మీద మనుషులనే ఖాళీ చేశారు. రాజధానిలో పేర్ల కేంద్రం అని ఒకటుంది. బస్సు తలుపైనా, బియ్యం మిషనైనా, ఆసుపత్రి మంచమైనా, ప్రతిదీ దాన్నే అడుగుతుంది: ఈ మనిషి ఉందా, లేదా? అది లేదంటే లేదు. ఊపిరి ఆడుతున్నా లేదు.

పదకొండు కిలోమీటర్లు నడిచాను. సాయంత్రం నాలుగున్నరయ్యేసరికి ఊరి మొదట్లో కుళాయి కనబడింది. మా అత్త బిందె పట్టుకుని పలక మీద వేలు పెడుతోంది. నేను ఎర్రలైటు కోసం చూశాను. కుళాయి కిర్రుమంది. నీళ్లు వచ్చాయి.

"ఏం పిల్లా, దయ్యాన్ని సూసినట్టు సూస్తున్నవ్? మందు దొరికిందా?"

"దొరకలే అత్తా. మనం లేమంట."

"ఎవలు లేరంట?"

"ఊరంతా. పేర్ల కేంద్రంల మన పేర్లు తీసేసిండ్రు."

అత్త బిందె నెత్తికెత్తుకుంది. "నేను లేకపోతే, మల్ల ఈ ఆయాసం ఎవలదంటరు?" అంది.

ఆ మాటకు నవ్వడానికి కూడా నేను ఆగలేదు. పంచాయతీ ఆఫీసుకు పరుగెత్తాను.

ఆ కుళాయి మాకు నీళ్లెందుకు ఇచ్చిందో ఊళ్లో నాకొక్కదానికే తెలుసు. తొమ్మిదేళ్ల కింద, నేను చదువు ముగించి వచ్చిన కొత్తలో, మా ఊళ్లో కుళాయి దగ్గర వేలు పెట్టి ఒక చుట్ట కాల్చి పారేసేదాకా నీళ్లు వచ్చేవి కావు. ప్రతి బిందెకూ గుట్ట మీది టవరు ద్వారా కేంద్రాన్ని అడిగి, జవాబు తెచ్చుకునేది. అందుకని నేనొక పెట్టె చేశాను. ఒక పేరు గురించి కేంద్రాన్ని ఒక్కసారి అడుగుతుంది. వచ్చిన జవాబును నలభై రోజులు గుర్తుంచుకుంటుంది. ఆలోపు ఎవరడిగినా తన జ్ఞాపకంలోంచే చెబుతుంది. గడువు తీరాకే మళ్లీ కేంద్రాన్ని అడుగుతుంది. అలమారలో ఒక మూల కూర్చుని, ఎవరికీ కనబడకుండా, జీతం లేని వెట్టిమనిషిలా పనిచేస్తుంది. ఊరోళ్లు దానికి యాదిపెట్టె అని పేరు పెట్టారు. పంచాయతీ పిల్లికి మాత్రం అది వెచ్చటి పరుపు. ఏడాది పొడుగునా దాని మీదే పడుకుంటుంది.

పైవాళ్లు వచ్చి చూసి, మెచ్చి, సీలు వేశారు. గుట్టల్లో ఉన్న పల్లెలన్నిటికీ ఇలాంటివి ఇచ్చారు. వానాకాలంలో టవరు కూలితే నెలల తరబడి లైను ఉండదు కాబట్టి, నియమం కూడా రాశారు. సగం నేనే రాసిచ్చాను. లైను లేనన్నాళ్లూ పెట్టె తన పాత జవాబులను పారేయకూడదు, అవే చెల్లుతాయి. లైను మళ్లీ కలపాలంటే అధికారి వచ్చి నిలువు లెక్క తీయాలి. అంటే పెట్టెలో ఉన్న ప్రతి పేరుకూ ఎదురుగా ఒక మనిషి నిలబడాలి. లెక్క కుదిరితే పెట్టెలోని పేర్లే నిజమని కేంద్రానికి ఎక్కుతాయి. ఒక్క పేరు తప్పినా పెట్టెను కడిగేసి కేంద్రం జాబితానే దించుతారు.

కేంద్రం జాబితాలో మేం సున్నా.

అలమార తెరిచి తెర చూశాను. ఊళ్లో సగం పేర్ల గడువు ఆ సాయంత్రం ఐదింటికి తీరుతోంది. తీరగానే పెట్టె, ఎప్పటిలాగే నమ్మకంగా, కేంద్రాన్ని అడుగుతుంది. లేరని జవాబు వస్తుంది. దాన్ని కూడా అంతే నమ్మకంగా గుర్తుంచుకుంటుంది. ఇంకా పదిహేను నిమిషాలే ఉంది.

సీలు పెట్టెకుంది. గోడలోంచి బయటికి పోయే తీగకు లేదు. పిల్లిని దించి, కుర్చీ ఎక్కి, ఆ తీగను రెండు చేతులతో పట్టి లాగాను. సున్నం పెళ్లలతో సహా ఊడి వచ్చింది.

మూడు వందల పన్నెండు పేర్లు. అక్కడికక్కడ ఆగిపోయాయి.

*

ఊళ్లో బతకడానికి ఇబ్బంది లేకపోయింది. కుళాయి, బియ్యం మిషను, ఆరోగ్య ఉపకేంద్రం అన్నీ పెట్టెనే అడుగుతాయి, పెట్టె అందరూ ఉన్నారనే చెబుతుంది. ఊరు దాటితే మాత్రం మేం గాలి. చింతపండు అమ్ముకోవడానికి పోయినవాళ్లు మూటలతో తిరిగొచ్చారు. కొత్త పేరు చేర్చాలన్నా, పాతది తీయాలన్నా లైను కావాలి కాబట్టి ఊళ్లో పుట్టడమూ చావడమూ కూడా చెల్లవు. ముసలోళ్లు దీని మీద కూడా పరాచికాలు మొదలుపెట్టారు. "మా కోడలు కడుపుతోనున్నది. నీ పేరు ఎప్పుడు ఖాళీ చేస్తున్నవే?" అని ఒకరినొకరు అడుగుకునేవారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది మా అత్తే.

ఇరవై మూడో రోజు పొద్దున, ముసురు పట్టి ఉండగా, ఆయాసం ఎక్కువై ఆమె పోయింది. మండలం షాపు అలమారలో ఆ మందు ఉంది. నేను దాన్ని కళ్లతో చూసి వచ్చాను.

మా ఆయన మొగులయ్య ఆమెకు ఒక్కడే కొడుకు. మాటలు తక్కువ మనిషి. అదే రోజు తల్లిని మా చేను గట్టున పూడ్చిపెట్టి వచ్చి, తడి బట్టలతోనే అరుగు మీద కూర్చున్నాడు. ఆయన పక్కన కూర్చున్నానే గానీ నా తలలో తిరుగుతున్నది వేరే. పెట్టెలో మూడు వందల పన్నెండు పేర్లు, ఊళ్లో ఆ పేర్లున్నవాళ్లు మూడు వందల పదకొండు మంది. వారంలో నిలువు లెక్కకు వస్తున్నట్టు అధికారి అప్పటికే నోటీసు అంటించిపోయాడు. ఆ లెక్క నేను అనుకోకుండా ఉండలేకపోయాను. అనుకున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను కూడా.

మర్నాడు మధ్యాహ్నం నర్సు జబీన్ కబురు పంపింది. ఉపకేంద్రంలోనే ఉంటుంది, ఆమె పేరూ మా పెట్టెలోదే. వెళ్లేసరికి రాళ్లు కొట్టే ఇండ్ల దేవమ్మ పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పుట్టి మూడు రోజులు. పసుపు పూసినట్టుంది పిల్ల. కళ్లు కూడా పసుపే. పాలు తాగడం మానేసింది.

"కామెర్లక్కా" అంది జబీన్. "శానా ఎక్కువున్నయి. ఇంకా పెరిగితే మెదడుకెక్కుతయి. నీలం దీపం కింద రెండు రోజులు పండబెడితే తగ్గుతయి. దీపం పేరడుగుతున్నది."

"బస్తీకి తీస్కపోతే?"

"ఆడ తల్లికే పేరు లేదు, బిడ్డకేడుంటది? ఎండల పెడదామంటే వారం నుంచి మొగులు తెగుతలేదు."

దేవమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పెట్టె చేసిందానివి నువ్వు గదమ్మా. నా బిడ్డ ఉన్నదని దానికి చెప్పరాదా?"

దీపం కూడా పెట్టెనే అడుగుతుంది, పెట్టెకు ఈ పిల్ల తెలియదు. తెలియజేయాలంటే తీగ కలపాలి. కలిపిన క్షణంలో ఊరంతా పోతుంది, ఈ పిల్లతో సహా. సీలు పగలగొట్టి నేనే రాస్తే అది దొంగ పెట్టె అవుతుంది. ఒక్క దారే ఉంది. మట్టి పనీ రాతి పనీ చేసే ఊరు కదా, వేళ్ల గీతలు అరిగిపోతుంటాయి. అందుకని ఉన్న పేరు మీద కొత్త గుర్తు వేసే అధికారం నర్సుకు ఉంది. ఎవరి పేరు మీదైనా ఈ పిల్ల పాదం గుర్తు వేస్తే దీపం వెలుగుతుంది. కానీ ఆ పేరు ఇక ఆ పాదానిదే. పాత మనిషి వేలికి పనిచేయదు.

"నా పేరు మీద వేయి" అన్నాను.

"వేస్తే నువ్వు రేపటి నుంచి నీళ్లు ఎవల పేరు మీద పట్టుకుంటవ్? లెక్కనాడు ఎవల లెక్క నిలబడ్తవ్?" జబీన్ తల దించుకుంది. "ఒక పేరు ఖాళీగ ఉన్నది గదక్కా."

గుమ్మంలో అలికిడైంది. మొగులయ్య. నా వెనకే వచ్చినట్టున్నాడు. అంతా విన్నాడు.

"నిన్ననే మట్టిల పెట్టొచ్చిన" అన్నాడు. "ఇంక మూడొద్దులు గూడ కాలే."

నేను దేవమ్మ ఒళ్లోని పిల్ల వైపు చూశాను.

"పరాయింటి పిల్లకు మా అమ్మ పేరా? రేపు మాకు బిడ్డ పుడితే ఏం పేరు పెట్టుకోవాలె? మా అమ్మను సావనీయవా స్వరూపా?"

"పిల్ల పోతదయ్యా."

"పిల్ల కోసమేనా? లెక్క కోసమా?"

తొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషికి అబద్ధం చెప్పి లాభం లేదు. "రెంటికీ" అన్నాను.

ఆయన నన్ను ఒక చూపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

"ఇంకొకటి" అన్నాను, ఆగితే మళ్లీ చెప్పలేనని. "లెక్క అయ్యేదాకా నువ్వు గుండు చేయించుకోవద్దు. పదకొండొద్దుల దినం చేయొద్దు. కొడుకు గుండు చూస్తే అధికారికి ఇంకేం చెప్పనక్కరలే."

ఆయన పసిపిల్ల దగ్గరికి వచ్చాడు. వంగి చూశాడు. ఆ పసుపు కళ్లు తెరుచుకోలేదు. ఔననలేదు, కాదనలేదు. వానలోకి నడిచిపోయాడు.

జబీన్ పిల్ల పాదాన్ని తుడిచి పలకకు ఆనించింది. "పేరు ఆ ఇంటోళ్లు చెప్పాలె. గట్టిగ చెప్పక్కా."

మా వైపు కోడలు అత్త పేరు పలకదు. పెట్టెలో అన్ని పేర్లూ నేనే ఎక్కించాను, ఆ పేరును మాత్రం చేత్తో రాశానే గానీ నోటితో ఒక్కనాడూ అనలేదు.

"కుర్మమ్మ" అన్నాను.

నీలం దీపం వెలిగింది. దాని కింద పిల్ల ముఖం ఆకుపచ్చగా, ఇంకా ఆరని మట్టిబొమ్మలా కనబడింది. దేవమ్మ ఏడ్చింది. నేను అక్కడ ఏడవలేదు, ఇంటికెళ్లి అత్త బిందె చూశాక ఏడ్చాను.

*

నిలువు లెక్కకు వచ్చిన అధికారి పేరు విభాకర్. ఇస్త్రీ చొక్కా, చేతిలో పలక, వెంట ఇద్దరు. ఆ రోజు వాన తెరిపిచ్చి ఎండ చురుక్కుమంటోంది. జీపు దిగి నేరుగా కుళాయి దగ్గరికి వెళ్లి వేలు పెట్టాడు.

"ఈ పేరుతో ఎవరూ లేరు" అంది కుళాయి.

ఒకామె కిసుక్కుమంది. "నేను పడ్తా సార్, నా పేరు మీద" అన్నాడు దేవమ్మ పెనిమిటి తిప్పన్న.

"అక్కర్లేదు. నాకు దాహంగా లేదు" అన్నాడు అధికారి, పెదవులు తడుపుకుంటూ.

పంచాయతీ ఆఫీసు వరండాలో కుర్చీ వేశాం. ఆయన ఒక్కో పేరు చదవడం, ఆ మనిషి వచ్చి వేలు పెట్టడం, పెట్టె "ఉంది" అనడం. మంచం మీద ఉన్నవాళ్లను మంచంతోనే మోసుకొచ్చాం. మతిలేని ముసలమ్మ ఒకామె వేలు పెట్టి, పెట్టె "ఉంది" అనగానే "ఏడున్నది?" అని చుట్టూ చూసింది. అంతా నవ్వారు గానీ అధికారి నవ్వలేదు. ఆయన వెతుకుతున్నది ఒక్క తప్పు. మధ్యాహ్నానికి మూడు వందల పది అయ్యాయి. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"మొగులయ్య."

ఎవరూ రాలేదు. వారం నుంచీ ఆయన చేను దగ్గర గుడిసెలోనే ఉంటున్నాడు. అన్నం పంపితే తిని గిన్నె కడిగి పంపుతున్నాడు, మాట పంపడం లేదు.

జనం పక్కకు జరిగారు. ఆయన వస్తున్నాడు. నున్నటి గుండు ఎండకు మెరుస్తోంది. మీసాలు కూడా తీసేశాడు.

అధికారి కుర్చీలో ముందుకు జరిగాడు. పొద్దుటి నుంచీ మొదటిసారి ఆయన ముఖంలో ప్రాణం కనబడింది.

మొగులయ్య వేలు పెట్టాడు. "ఉంది" అంది పెట్టె.

"గుండు ఎందుకు?" అన్నాడు అధికారి మెత్తగా. "ఎవరు పోయారు?"

నేను నోరు తెరిచాను. మొగులయ్య నా వైపు చెయ్యెత్తి ఆపాడు.

"మా అమ్మ సచ్చిపోయింది సార్."

పలకలో మిగిలింది ఒక్కటే పేరు. అధికారి దాన్ని నిదానంగా, రుచి చూస్తున్నట్టు చదివాడు. "కుర్మమ్మ. వయసు ఎనభై ఒకటి. కొడుకు పేరు మొగులయ్య. ఈమేనా?"

"ఆమెనే."

"అంటే ఈ పెట్టె చచ్చిపోయిన మనిషిని బతికుందంటోంది. రాసుకో" అన్నాడు పక్కవాడితో.

"ఆగుండ్రి. అప్పుడే రాస్తరేంది?" మొగులయ్య గొంతు పెంచలేదు. "సచ్చిపోయింది. నేనే మట్టిల పెట్టిన, నేనే గుండు కొట్టించుకున్న. నా తల్లికి చేసేది చేయకుంట దాసిపెట్టుడు నాతోని కాదు. మా మొగులయ్య తాత పోతెనే నాకు మొగులయ్యని పెట్టిండ్రు. పోయినోళ్ల పేరు మా ఊర్ల ఊకె పోదు సార్. ఇంకొకలు మోస్తరు."

తిరిగి, దేవమ్మ దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ చాచాడు. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, పిల్లను ఇచ్చింది. పసుపు దిగిపోయి, రాగి చెంబులా నిగనిగలాడుతోంది పిల్ల. మొగులయ్య దాన్ని, అది ఉలిక్కిపడకుండా, తలకింద చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. వారం రోజుల్లో ఎవరూ చూడకుండా ఎన్నిసార్లు వెళ్లి ఎత్తుకున్నాడో, జబీన్ తర్వాతెప్పుడో చెప్పింది.

"ఇగో. కుర్మమ్మ."

పాదాన్ని పలకకు ఆనించాడు.

"ఉంది" అంది పెట్టె.

"ఇది మోసం" అన్నాడు అధికారి లేచి నిలబడి. "వయసు ఎనభై ఒకటి అని ఉంది!"

అప్పుడు నాకు మాట వచ్చింది. "సార్, నియమంలో మూడున్నాయి. పేరు, గుర్తు, మనిషి. ఆ మూడూ కలవాలి. వయసు మాట లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు, రాసినప్పుడు నేనున్నాను. మీ కేంద్రంలో మా ఊళ్లో రెండు వందల మంది పుట్టింది జనవరి ఒకటినే. ఒకే రోజు రెండు వందల కాన్పులు చేసిన మంత్రసాని ఎవరో మీకేమైనా తెలుసా?"

"వయసు తప్పని రాసుకోండ్రి" అన్నాడు తిప్పన్న. "మేం సంతకం పెడ్తం."

"పేరు తప్పని రాస్తె మాత్రం" అన్నాడు మొగులయ్య, "ఈ పిల్ల లేదని నా కండ్లల్లకు సూసి చెప్పాలె మీరు. చెప్పుండ్రి."

అధికారి పిల్లను చూశాడు. అది ఆవలించి, ఆయన వైపే ఒక కాలు తన్నింది. ఆయన మళ్లీ నియమాలు చదివాడు. మొదటి నుంచి చివరి దాకా, రెండుసార్లు. పక్కవాళ్లిద్దరూ నేల చూపులు చూస్తున్నారు. చివరికి పలక మీద వేలు గట్టిగా నొక్కాడు. మూడు వందల పన్నెండు. సరిపోయింది.

నేను కుర్చీ ఎక్కి తీగను కలిపాను. తెర మీద పేర్లు ఒక్కొక్కటీ కేంద్రానికి ఎక్కుతుంటే ఊరంతా కిటికీలోంచి చూసింది. అన్నీ ఎక్కాక పిల్లి వచ్చి తన చోట్లో ముడుచుకుంది.

"పై నుంచి కొత్త నియమం తెస్తారు" అన్నాడు అధికారి మెట్లు దిగుతూ.

"తేనీయండ్రి. మేం ఈడనే ఉంటం" అంది దేవమ్మ.

ఆయన జీపు దగ్గరికి పోతూ పోతూ కుళాయి దగ్గర ఆగాడు. లైను కలిసింది కదా, ఇక గుర్తుపడుతుందని కాబోలు, వేలు పెట్టాడు.

"ఈ పేరుతో ఎవరూ లేరు."

"పెట్టె లేదన్న మాటను కూడా ఒక రోజు గుర్తుంచుకుంటుంది సార్" అన్నాను. "పొద్దున అడిగారు కదా, అప్పుడు లైను లేదు, లేదనుకుంది. రేపు పొద్దుటిదాకా మీరు లేనట్టే."

ఆయన ఎండలో నిలబడిపోయాడు. పెదవులు పగిలి ఉన్నాయి. నవ్వుదామనుకున్నవాళ్లు కూడా నవ్వలేకపోయారు.

మొగులయ్య పిల్లను ఎత్తుకునే వచ్చాడు. గట్టు మీదున్న చెంబు తీసుకుని కుళాయి కింద పెట్టి, ఆ గోరంత పాదాన్ని పలకకు తాకించాడు. కుళాయి కిర్రుమంది. చెంబు నిండింది.

"తాగుండ్రి సార్" అన్నాడు. "మా అమ్మ పోస్తున్నది."